ఊళ్లో బాగానే ఉంటుంది, హైవే ఎక్కితే బండి హీటెక్కుతోంది

ప్రశ్న: మాది విజయనగరం. 2014 మోడల్ పెట్రోల్ కారు, మూడేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇప్పటికి 92 వేల కిలోమీటర్లు తిరిగింది. ఊళ్లో ఎంత ట్రాఫిక్‌లో తిప్పినా ఇబ్బంది లేదు. విశాఖ వైపు హైవే ఎక్కి, ఏసీ వేసుకుని 80, 90లో ఓ ఇరవై నిమిషాలు నడిపితే టెంపరేచర్ ముల్లు సగం దాటి పైకి పోతోంది. స్పీడు తగ్గిస్తే దిగుతోంది. సంక్రాంతికి అరకు వెళ్తుంటే అనంతగిరి ఘాట్‌లో ఎర్రగీత దాకా వెళ్లి, బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చింది. మెకానిక్ మొదట థర్మోస్టాట్ వాల్వ్ తీసేశాడు, మన ఎండలకు అది అక్కర్లేదన్నాడు. తర్వాత ఫ్యాన్ మోటారు మార్చాడు. తేడా లేదు, పైగా మైలేజీ పడిపోయింది. పది పదిహేను రోజులకోసారి అర లీటరు బోరు నీళ్లు పోయాల్సి వస్తోంది. కానీ పార్కింగ్‌లో చుక్క కూడా కారడం లేదు. ఇప్పుడేమో హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకు, పైన హెడ్‌కు మధ్య ఉండే సీలు) పోయింది, ఇంజిన్ విప్పాలి, పాతిక వేల పైమాటే అంటున్నాడు. విప్పించమంటారా, అమ్మేయమంటారా? చెప్పడం మర్చిపోయాను, ఏడాది కిందట ముందు బంపర్ గుద్దుకుంటే మార్పించాను.

సమాధానం: ఇప్పుడే ఇంజిన్ విప్పించకండి. అమ్మే ఆలోచన కూడా ఓ రెండు వారాలు పక్కన పెట్టండి. మీకు కావలసిన జవాబు ముప్పాతిక వంతు మీ ఉత్తరంలోనే ఉంది. మీ మెకానిక్ కూడా ఇదంతా వినే ఉంటాడు. విని, ఆలోచించకుండా పార్టులు మార్చుకుంటూ పోయాడు.

బండి హీటెక్కుతోందని ఎవరు చెప్పినా అడగాల్సిన మొదటి ప్రశ్న ఒకటే: ఎప్పుడు? సిగ్నల్ దగ్గర ఆగినప్పుడా, పరిగెత్తేటప్పుడా? ఆగి ఉన్నప్పుడు రేడియేటర్‌కు గాలి కొట్టేది ఫ్యాన్ ఒక్కటే. కాబట్టి ట్రాఫిక్‌లో వేడెక్కి, రోడ్డు ఖాళీగా దొరికితే చల్లబడే బండికి ఫ్యాన్, దాని రిలే, ఫ్యూజు, సెన్సర్ చూడాలి. 80లో వెళ్లే బండికి ఎదురుగాలే సరిపోతుంది, ఫ్యాన్ తిరిగినా తిరగకపోయినా పెద్ద తేడా ఉండదు. మీ బండి ట్రాఫిక్‌లో చల్లగా ఉంది, హైవే మీద ఉడుకుతోంది. అంటే మీ పాత ఫ్యాన్ మోటారు ఏ పాపమూ ఎరగదు. అది ఇంకా షెడ్డులో పడి ఉంటే తెచ్చుకోండి, ఎప్పటికైనా పనికొస్తుంది.

స్పీడులో వేడెక్కడం అంటే ఇంజిన్ పుట్టిస్తున్న వేడిని రేడియేటర్ వదిలించుకోలేకపోతోందని అర్థం. మనం పోసే పెట్రోలులో ఉన్న శక్తిలో మహా అయితే మూడో వంతే బండిని నడిపే పనికొస్తుంది. ఇంకో మూడో వంతు సైలెన్సర్ గుండా పోతుంది, మిగిలిందాంట్లో ఎక్కువ భాగం ఇంజిన్‌లో తిరిగి దాన్ని చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్ మోయాలి. ఊళ్లో 30లో తిరిగేటప్పుడు కాలే పెట్రోలు తక్కువ, వేడీ తక్కువే. సగం మూసుకుపోయిన రేడియేటర్ కూడా దాన్ని నెట్టుకొస్తుంది. హైవే మీద ఏసీతో 90, ఘాట్‌లో నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను అనగానే దాని బండారం బయటపడుతుంది. కాబట్టి చూడాల్సినవి మూడు. నీళ్లు సరిపడా ఉన్నాయా, ఉన్న నీళ్లు సరిగా తిరుగుతున్నాయా, వాటికి గాలి తగులుతోందా.

నీళ్ల సంగతితో మొదలుపెడదాం. మీరు పోస్తున్న అర లీటరు ఎక్కడికో పోతోంది కదా. పార్కింగ్‌లో నేల తడవడం లేదు కాబట్టి ఇంజినే తాగేస్తోందని మీ మెకానిక్ అనుకున్నాడు. అలాగే కావాలని లేదు. నా అనుమానం ముందుగా రేడియేటర్ మూత మీద. అది మామూలు మూత కాదు, లోపల స్ప్రింగు ఉన్న వాల్వు. దాని మీద 0.9 అనో 1.1 అనో అంకె ఉంటుంది, అది బార్లలో పీడనం. అంత పీడనాన్ని అది లోపల బిగించి పట్టి ఉంచుతుంది. ప్రెషర్ కుక్కర్ సూత్రమే. 0.9 బార్ పీడనంలో నీళ్లు 100కు బదులు దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు, సగం కూలెంట్ కలిస్తే 120 దాటినా మరగవు. స్ప్రింగు మెత్తబడితేనో రబ్బరు వాషరు ఎండి పగిలితేనో ఆ బిగింపు పోతుంది. అప్పుడు నీళ్లు మామూలు గిన్నెలో మరిగినట్టు మరుగుతాయి. అరకు ఎత్తుకు వెళ్లేసరికి మూతలేని గిన్నెలో నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మామూలుగా నడిచే ఇంజిన్‌లో కూలెంట్ ఉండేది 90 నుంచి 100 డిగ్రీల మధ్య. లెక్క మీరే వేసుకోండి.

అలా మరిగిన నీళ్లు పొంగి పక్కనున్న తెల్ల ప్లాస్టిక్ డబ్బాలోకి, అది నిండితే దాని ట్యూబులోంచి రోడ్డు మీదికి పోతాయి. ఇంటికొచ్చేసరికి బండి సర్దుకుంటుంది, పార్కింగ్ పొడిగానే ఉంటుంది. కారేది విజయనగరంలో కాదు, ఆనందపురం దగ్గరెక్కడో హైవే మీద!

ఇది తేల్చుకోవడానికి ఒక పని చేయండి. రాత్రంతా ఆగి ఉన్న బండికి, పొద్దున్నే స్టార్ట్ చేయకముందు మూత తీసి చూడండి. డబ్బాలో నీళ్లు నిండుగా ఉండి రేడియేటర్‌లో మట్టం తగ్గి ఉంటే మూత దాదాపు దొంగే. ఎందుకంటే చల్లబడేటప్పుడు డబ్బాలోంచి నీళ్లు వెనక్కి లాక్కోవాల్సింది కూడా ఆ మూతలోని చిన్న వాల్వే. కొన్ని కార్లకు రేడియేటర్ మీద మూత ఉండదు, డబ్బాకే ఉంటుంది. మీది అలాంటిదైతే మట్టం చూసే ఈ పరీక్ష పనికిరాదు కానీ మూత కథ మాత్రం అదే. కొత్త మూతకు కొన్ని వందలకు మించి కాదు. పాతదాని మీద ఉన్న అంకెదే కొనండి. ఎక్కువ అంకె ఉన్నది ఇంకా మంచిదనుకుంటే పదేళ్ల పైపులు పగులుతాయి.

దాంతోపాటు షెడ్డులో ప్రెషర్ టెస్ట్ చేయించండి. మూత స్థానంలో చేతి పంపు బిగించి, మూత మీద రాసి ఉన్నంత పీడనం ఎక్కించి, పది పదిహేను నిమిషాలు ముల్లు నిలబడుతుందా అని చూడటమే. పడిపోతే ఎక్కడో కారుతోంది. వాటర్ పంపు కింద చిన్న కన్నం ఉంటుంది, అక్కడ ఎండిన మరక ఉందా చూడమనండి. ముందు సీటు కాళ్ల దగ్గర కార్పెట్ తడిగా తగిలినా, అద్దం మీద జిడ్డు ఆవిరి పట్టినా క్యాబిన్ హీటర్ కాయిల్ కారుతున్నట్టు. ఈ పంపు లేని షెడ్డువాడు హెడ్ గ్యాస్కెట్ గురించి మాట్లాడితే నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఇక రెండోది, నీళ్లు తిరగడం. మీరు పోస్తున్నది బోరు నీళ్లని రాశారు. మనకు చాలా చోట్ల బోరు నీళ్లతో బకెట్ల అంచున, గీజరు లోపల తెల్లగా పొలుసు కట్టడం చూస్తూనే ఉంటాం. రేడియేటర్ గొట్టాలు గీజరు పైపులంత వెడల్పు కూడా కావు, బద్దల్లా సన్నగా ఉంటాయి. మూడేళ్లు మీరు, అంతకుముందు పాత ఓనరు ఎవరేం పోశారో. అందులో ఎన్ని గొట్టాలు ఇప్పుడు పని చేస్తున్నాయో చూడాలంటే ఇంజిన్ బాగా వేడెక్కాక ఆపేసి, రేడియేటర్ మీద అక్కడక్కడ టెంపరేచర్ చూడాలి. దూరం నుంచే వేడి కొలిచే తుపాకీలాంటి మీటరు ఇప్పుడు చాలా షెడ్లలో ఉంటుంది. నీళ్లు వచ్చే వైపు నుంచి పోయే వైపుకు వేడి క్రమంగా తగ్గాలి. మధ్యలో ఎక్కడైనా ఒక పట్టీ మొత్తం చల్లగా ఉంటే అక్కడ గొట్టాలు మూసుకుపోయినట్టే. చేత్తో చూడకండి, ఇంజిన్ ఆపినా ఆ ఫ్యాన్ దానంతటది తిరగడం మొదలెడుతుంది. వేళ్లు జాగ్రత్త.

కింది పైపు మీద కూడా ఓ కన్నేయండి. ఒకరు బండి నిలిపి ఉంచి 3,000 ఆర్పీఎం దాకా రేజ్ చేస్తే, రెండోవారు రేడియేటర్ నుంచి ఇంజిన్‌కు వెళ్లే కింది పైపును గమనించాలి. అది పీల్చిన స్ట్రాలా నొక్కుకుపోతే, రేడియేటర్ మూసుకుపోయి పంపుకు నీళ్లు అందడం లేదనో, పైపే మెత్తబడిందనో అర్థం. ఊళ్లో అంత రేజింగ్ ఉండదు, పైపు బాగానే ఉంటుంది. హైవే మీదే నొక్కుకుపోతుంది. మీ లక్షణాలకు ఇది కూడా సరిపోతుంది.

ఇక థర్మోస్టాట్, అంటే ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపే వాల్వ్. మన దగ్గర దాన్ని తీసేయడం పాత అలవాటు. అంబాసిడర్ల కాలం నుంచీ, ఘాట్‌లో బానెట్లు ఎత్తి వాగులోంచి డబ్బాలతో నీళ్లు మోసిన కాలం నుంచీ, వాల్వ్ తీసేస్తే చల్లగా ఉంటుందని ఒక నమ్మకం పాతుకుపోయింది. మీ బండి ఇంజిన్ ఆ కాలందికాదు. ఈ ఇంజిన్లు 82 లేదా 88 డిగ్రీల దగ్గర తెరుచుకునే వాల్వ్‌ను లెక్కలోకి తీసుకుని తయారయ్యాయి. అది లేకపోతే పొద్దున్న ఇంజిన్ త్వరగా వేడెక్కదు. ఇంకా చల్లగానే ఉందనుకుని ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ వదులుతుంది. మీ మైలేజీ పోయింది అక్కడే. ఇంకో చిక్కు కూడా ఉంది. కొన్ని ఇంజిన్లలో ఆ వాల్వ్ తెరుచుకునేటప్పుడే రెండో వైపున ఉన్న అడ్డదారిని మూస్తుంది. వాల్వే లేకపోతే అడ్డదారి ఎప్పుడూ తెరిచే ఉండి, వేడి నీళ్లలో కొంత రేడియేటర్ మొహం చూడకుండానే ఇంజిన్‌లోకి తిరిగి వెళ్తుంది. చల్లబరుస్తానని తీసేసిన వాల్వ్ ఇంకాస్త వేడి పెంచుతుందన్నమాట.

కాబట్టి కొత్త వాల్వ్ వేయించండి. పాతది దాచి ఉంటే పరీక్షించి మళ్లీ వాడుకోవచ్చు. వంటకు వాడని పాత గిన్నెలో నీళ్లు పోసి, దారంతో దాన్ని అడుగుకు తగలకుండా వేలాడదీసి, థర్మామీటరు పెట్టి కాచండి. దాని మీద రాసిన డిగ్రీల దగ్గర నోరు తెరవడం మొదలుపెట్టాలి. వంటకు వాడని గిన్నె అని ఊరికే అనలేదు, కూలెంట్ విషం.

గాలి సంగతికొస్తే, మీరు చివర్లో మర్చిపోయానంటూ రాసిన వాక్యం నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది. బంపర్ మార్చారు. బంపర్ వెనక, రేడియేటర్ పక్కల, కింద ప్లాస్టిక్ పలకలు, స్పాంజి పట్టీలు ఉంటాయి. వచ్చే గాలి పక్కలకు జారిపోకుండా రేడియేటర్ గుండానే వెళ్లేలా చేసేవి అవి. పెయింటింగ్ షెడ్లలో బంపర్ విప్పినప్పుడు అవి మూలన పడిపోతాయి. బిగించేవాడికి అవి లేకపోయినా బంపర్ బాగానే కూర్చుంటుంది. ఊళ్లో ఫ్యాన్ లాగుతుంది కాబట్టి తేడా తెలియదు. 80 దాటాక గాలి సుళువైన దారి చూసుకుని రేడియేటర్ పక్కనుంచి జారుకుంటుంది. మీ బండి హీటెక్కడం మొదలైంది బంపర్ మార్చాకే అయితే ముందు కింద పడుకుని టార్చి వేసి చూడండి. అదే మోడల్ కారున్న స్నేహితుడి బండి పక్కన పెట్టుకుని చూస్తే ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. పనిలో పనిగా, రేడియేటర్ ముందుండే ఏసీ కండెన్సర్ రెక్కల్లో పురుగులు, మట్టి ఎంత పేరుకుందో చూడండి. మామూలు నీళ్ల పైపుతో వెనక నుంచి ముందుకు కడిగించాలి. వాటర్ సర్వీసింగ్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు పడుకుంటాయి, ఉన్న దారీ మూసుకుపోతుంది.

హెడ్ గ్యాస్కెట్ పోలేదని నేను హామీ ఇవ్వడం లేదు. ఘాట్‌లో ఆవిరి కక్కిన బండి. అల్యూమినియం హెడ్ ఒక్కసారి బాగా ఉడికితే వంగుతుంది. కానీ విప్పకుండానే తెలుసుకునే దారులున్నాయి. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేశాక రెండు నిమిషాల్లోనే, ఇంకా వేడెక్కకముందే, పై పైపు రాయిలా గట్టిపడుతోందా? మూత తీసి ఉంచి స్టార్ట్ చేస్తే బుడగలు ఆగకుండా వస్తున్నాయా? ఇంజిన్ వేడెక్కిన తర్వాత కూడా సైలెన్సర్‌లోంచి తీపి వాసనతో తెల్ల పొగ వస్తోందా? ఆయిలు మట్టం చూసే డిప్ స్టిక్ మీద ఆయిలు పాలు కలిపిన కాఫీలా ఉందా? ఆయిలు మూత అడుగున కొంచెం తెల్ల మీగడ కనబడినంత మాత్రాన గాబరా పడకండి, రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండ్లకు వానాకాలంలో అది మామూలే. వీటన్నిటికంటే నమ్మకమైనది బ్లాక్ టెస్ట్. రేడియేటర్ మూతి దగ్గర నీలం రంగు ద్రవం ఉన్న గొట్టం పెట్టి లోపలి గాలిని దాని గుండా లాగుతారు. సిలిండర్లలో మండిన వాయువు కూలెంట్‌లోకి వస్తుంటే పెట్రోలు బండికి నీలం పసుపవుతుంది. పాతిక వేల పనికి ముందు ఆ ఒక్క పరీక్ష చేయమని అడిగే హక్కు మీకుంది.

ఒకవేళ పసుపైనా సరే, గ్యాస్కెట్ పోవడం జబ్బు కాదు, జబ్బు ముదిరి చేసిన పని. సంక్రాంతికి ముందు హైవే మీద ముల్లు ఎందుకు లేచేదో ఆ కారణం అలాగే ఉంచి కొత్త గ్యాస్కెట్ వేస్తే, వచ్చే వేసవికి మళ్లీ అదే షెడ్డు, అదే బిల్లు. ఎలాగూ విప్పాల్సి వస్తే హెడ్ వంగిందో లేదో లేత్ షాపులో కొలిపించి, అవసరమైతే ఫేసింగ్ (దాని మొహం చదును) చేయించి, వాటర్ పంపు కూడా అప్పుడే మార్పించండి. ఉప్పునీళ్లకు పంపు రెక్కలు తినేసి ఉండటం నేను చాలా చూశాను.

అన్నీ సరిచేశాక రేడియేటర్‌ను ఫ్లష్ చేయించి, మీ కారు బుక్కులో రాసిన రకం కూలెంట్ పోయించండి. ఆకుపచ్చా ఎరుపా అన్నది చూసి కొనకండి, రంగు కంపెనీ ఇష్టం. కలపకుండా పోసే రకమైతే అలాగే పోయాలి. చిక్కటి రకమైతే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం. గాలి బుడగ లోపల చిక్కుకుంటే కొత్త పార్టులన్నీ వేసినా బండి మళ్లీ వేడెక్కుతుంది. కాబట్టి నింపాక హీటర్ ఫుల్ హాట్‌లో పెట్టి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఇంజిన్ నడిపి, గాలి వదిలించి మట్టం చూసుకోవాలి. పావుగంట పని ఇది. తొందరలో చాలామంది ఎగ్గొట్టేదీ ఇదే.

డాష్‌బోర్డు ముల్లును కూడా అంతగా నమ్మకండి. చాలా కార్లలో డ్రైవరు కంగారుపడకుండా దాన్ని కావాలనే మొద్దుబార్చి పెడతారు. 80 డిగ్రీల నుంచి 100 దాటేదాకా మధ్యలోనే కూర్చుంటుంది, అది కదిలిందంటే అప్పటికే ఆలస్యం. మీ కారుకు స్టీరింగ్ కింద, ఇంజిన్ కంప్యూటర్ లెక్కలు చదవడానికి ఓబీడీ సాకెట్ ఉంటుంది. బ్లూటూత్ ముక్క ఒకటి కొని దానికి పెడితే ఫోన్‌లో అసలు డిగ్రీలు కనిపిస్తాయి. మరమ్మతు అయ్యాక విశాఖ దాకా ఒకసారి ఏసీ వేసి, ఒకసారి ఆపి, పక్కన కూర్చున్నవారి చేత అంకెలు రాయించండి.

అప్పటిదాకా ఘాట్ వైపు వెళ్లకండి. తప్పనిసరై ఎక్కడైనా ముల్లు లేస్తే ముందు ఏసీ ఆపండి, అద్దాలు దించి హీటర్ ఫుల్‌లో పెట్టండి. చెమటలు కారతాయి కానీ అది రెండో చిన్న రేడియేటర్. ఎక్కుడులో మూడో గేరులో ఈడ్చుకుంటూ వెళ్లొద్దు, రెండో గేరులో వేయండి. ఆర్పీఎం పెరిగితే పంపు కూడా వేగంగా తిరుగుతుంది. అయినా ఎర్రగీతకు వస్తే పక్కకు తీసి ఇంజిన్ ఆపేయడమే. అంతా బాగుండగా ముల్లు హఠాత్తుగా కిందికి పడిపోతే సంతోషించకండి. నీళ్లన్నీ పోయి సెన్సరు గాలిలో వేలాడుతోందేమో.

ఇది నేను డబ్బు కట్టి నేర్చుకున్న పాఠం. ఏళ్ల కిందట దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కుతూ, ముల్లు ఎర్రలో ఉండగానే ఇంకో రెండు కిలోమీటర్లే కదా, ఊరొచ్చేస్తుంది కదా అని తోలాను. ఊరు వచ్చింది. బండి మాత్రం లారీ మీద తిరుగు ప్రయాణం కట్టి, వంగిన హెడ్‌తో నెల రోజులు ఒక షెడ్డులో కూర్చుంది. అంతా కలిపి అరగంట, నలభై నిమిషాల ఓపిక లేక.

ఆపాక కనీసం అరగంట, నలభై నిమిషాలు మూత జోలికి వెళ్లొద్దు. సాయానికి వచ్చినవాళ్లు నీళ్ల సీసా పట్టుకుని తొందర పెడతారు, ఆగండి. లోపల 110 డిగ్రీల నీళ్లు బిగబట్టుకుని ఉంటాయి, తెరిచీ తెరవగానే మొహం మీదికి లేస్తాయి. వేడి ఇంజిన్ మీద చన్నీళ్లు కుమ్మరించడం కూడా వద్దు. పైపు చల్లబడి చేత్తో నొక్కితే మెత్తగా తగిలాక, తడిగుడ్డ వేసి మెల్లగా తిప్పి, ఇంజిన్ నడుస్తుండగా కొద్దికొద్దిగా పోయండి. అత్యవసరంలో తాగే నీళ్లయినా ఫరవాలేదు, తర్వాత మార్పించుకోవచ్చు.

మీ పెద్ద ప్రశ్నకు వస్తే, బ్లాక్ టెస్ట్ నీలంగానే ఉంటే అమ్మకండి. మూత, వాల్వ్, ఫ్లషింగ్, మహా అయితే కొత్త రేడియేటర్ వేసినా మీకు చెప్పిన మొత్తంలో సగం కూడా కాదు. పసుపైతే అప్పుడు హెడ్ పని ఖర్చు, బండి ఇప్పటి ధర పక్కపక్కన పెట్టుకుని చూసుకోండి. జబ్బు దాచి మాత్రం ఎవరికీ అంటగట్టకండి. మూడేళ్ల కిందట మీకు ఎవరో చేసింది అదే కావచ్చు.

పాత కూలెంట్ తీయించినప్పుడు దాన్ని కాలువలోకో ఖాళీ స్థలంలోకో వదలనివ్వకండి. తియ్యగా ఉంటుందని వీధి కుక్కలు నాకుతాయి, కొద్దిగా తాగినా మూత్రపిండాలు పాడై చచ్చిపోతాయి. మూతున్న క్యానులో పట్టించి, పిల్లలకు అందకుండా ఉంచి, వాడేసిన ఇంజిన్ ఆయిల్ తీసుకునే షెడ్డువాళ్లకు ఇవ్వండి. క్యాను మీద పేరు రాయడం మర్చిపోవద్దు, మంచినీళ్ల క్యానులు మన ఇళ్లలో అన్నీ ఒకేలా ఉంటాయి.